షరీఫాబీ మధ్యాహ్నపు ముద్ద

చంద్రమ్మకు ఆకలి నడత కొట్టిన పిండి. పత్తర్‌గట్టి బజారు వెనక సందులో లక్కగాజులకు రాళ్లు అతికించే ఆమె, ఏనాటి నుంచో శనివారం ఒక్కపొద్దు ఉంటోంది. దీపం పెట్టాకే అన్నం. ఆకలి పన్నెండున్నరకు ఠంచనుగా వస్తుంది, కడుపు నలుపుతుంది, ఎవరూ పట్టించుకోకపోతే రెండింటికల్లా అలిగి వెళ్లిపోతుంది. తిండి లేకపోతే ఆకలి పెరగాలి గదా, తగ్గడమేమిటని ఆమెకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

పంతొమ్మిది వందల డెబ్భై నాలుగు రంజాన్‌లో అంతకన్నా పెద్ద వింత చూసింది. ఆమెకు పని నేర్పిన షరీఫాబీకి షుగర్ ముదిరింది. పొద్దున గోళీ వేసుకుని మధ్యాహ్నం తినకపోతే ప్రాణం మీదికొస్తుందని, ఈసారి రోజా ఉపవాసాలు కూడవని డాక్టర్ ఖరాఖండిగా చెప్పాడు. షరీఫాబీ కళ్లనీళ్లు పెట్టుకుని సరేనంది. తీరా మధ్యాహ్నం డబ్బా తెరిస్తే ముద్ద గొంతు దిగలేదు.

"మనసు తింటనంటది చంద్రమ్మా, కడుపు ఒప్పుకుంటలేదు. నలభై ఏండ్ల సంది ఈ నెలల పగటిపూట దానికి బుక్కెడు పెట్టలే" అంది.

రెండు మూడు ముద్దలు కతికి డబ్బా మూసేది. అదే కడుపు సాయంత్రం రోజా విడిచే సైరన్‌కు పది నిమిషాల ముందు గుర్రుమనేది. మబ్బు పట్టిన రోజున కూడా తప్పలేదు. వాళ్లు పనిచేసే గదిలో గడియారం లేదు, కిటికీ లేదు. లోపల కూర్చుని వేళ చెప్పేదెవరో తెలియక చంద్రమ్మకు ఒళ్లు జలదరించింది. మనిషి ఒంట్లో ఇంత ఉందా అనుకుంది.

ఒక శనివారం ఆ రెండు ముద్దలు కూడా దిగలేదు. షరీఫాబీ నుదుట చెమట పట్టింది, వేళ్లలోంచి రాయి జారింది.  షుగర్ పడిపోయిందని చంద్రమ్మ గబగబా చక్కెర నీళ్లు తాగించి, డబ్బా తెరిచి కిచిడీ ముందు పెట్టింది.

"జర తిను ఆపా" అని చంద్రమ్మ సొంత అక్కను అడిగినట్టు బతిమాలింది.

"నువ్వు ఉపాసముండి నాకు పెడ్తవా? నాకెట్ల దిగుతది?"

 చంద్రమ్మ కడుపులో మంట మొదలైంది, అంటే పన్నెండున్నర అయింది. దేవుడికి మనసులోనే దండం పెట్టి, కిచిడీ ముద్ద తీసి నోట్లో పెట్టుకుంది. ఆవురావురుమంటూ నమిలింది. ఇంకో ముద్ద కలిపి షరీఫాబీ నోటికి అందించింది.

"నా ఆకలి టైముకొచ్చింది ఆపా. నాతోని తిను."

షరీఫాబీ ఆమె నోటిని చూసింది. ఇరవై ఏళ్లలో ఒక్క శనివారం కూడా పగలు మెదలని నోరు అది. ఆ సంగతి షరీఫాబీకంటే బాగా ఎవరికీ తెలియదు. ఏడుస్తూ ఆ ముద్దకు నోరు తెరిచింది.