గుప్పిట్లో రాయి

తిరువూరు బస్టాండు దగ్గర షాజాదీకి టీ కొట్టు ఉంది. రెండేళ్ల కిందట కడుతున్న బిల్డింగు స్లాబు కూలి, ఆమె భర్త అల్తాఫ్ మేస్త్రీ దాని కింద చిక్కుకుపోయాడు. చుట్టుపక్కల కొట్లవాళ్లం మేం శిథిలాలు తీస్తున్నంతసేపూ ఆమె గుండెలు బాదుకుంటూ ఏడ్చింది. "ఏడవనివ్వండి, పాపం" అనుకున్నాం. సాయంత్రానికి శవం బయటపడింది. గుప్పిట్లో రాయి ఉంది. ఎందుకో ఎవరికీ తట్టలేదు.

మొన్న, కూల్చేసిన ఒక గోడౌను దగ్గర సహాయక దళం శిథిలాల కిందివాళ్లని కాపాడే మాక్ డ్రిల్ చేస్తుంటే చూడ్డానికి వెళ్లాం. షాజాదీ వాళ్లకి టీ తెచ్చింది. ఈల మోగగానే మిషన్లు, మాటలు అన్నీ ఆగిపోయాయి.

"ఎందుకాపేశారు సార్?" అని ఆఫీసర్ని అడిగింది.

"కింద ఉన్నవాళ్లకి అరిచే ఓపిక ఉండదమ్మా," అన్నాడాయన గొంతు తగ్గించి. "రాయితో కొడతారు. ఆ చప్పుడు వినపడాలంటే పైన ఎవరూ నోరెత్తకూడదు."

షాజాదీ మావైపు తిరిగింది.

"మీరంతా అక్కడే ఉన్నారుగా. ఆ రోజు నా నోరెందుకు మూయించలేదు?"