యాదగిరి మెడ మీది పిడుదులు

అది 1998. వానలు తగ్గి, గడ్డి మోకాళ్ల దాకా పెరిగి ఉన్న రోజులు. మాదాపూర్‌లో అద్దాల భవనాలు ఒక్కొక్కటే లేస్తున్నాయి. కొత్తగూడ దాటి కాస్త ఇవతలికి వస్తే మాత్రం ఇంకా బండలు, తుమ్మచెట్లు, వాటి మధ్య గేదెల మందలే. ఆ మందల కోసం పెట్టిన రెండు గదుల సర్కారు పశువైద్యశాలకు నేను డాక్టర్ని. గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి మూడేళ్లయింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అంటారు. ఇది చదివాక మీరూ అంటారు.

ఒక పొద్దున గేటు ముందు జీపు ఆగింది. దిగినాయన వెంట గేదె లేదు సరికదా, కనీసం కుక్కపిల్లయినా లేదు. జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి నా బల్ల మీద జాగ్రత్తగా విప్పారు. అందులో నాలుగు పిడుదులు. పశువుల ఒంటికి పట్టుకుని నెత్తురు తాగే పురుగులివి, కొన్ని ఊళ్లలో గోమార్లంటారు. రెండు ఇంకా కదులుతున్నాయి.

"నేను పశువుల డాక్టర్నండీ," అన్నాను.

"తెలుసండీ. మనుషుల డాక్టరు గారు జ్వరానికి మందు రాశారు. ఇవి మళ్లీ పట్టకుండా ఏం చెయ్యాలో మాత్రం మిమ్మల్నే అడగమన్నారు."

ఆయన ప్రసాదరావు గారు, రాజమండ్రి మనిషి, సర్వేయరు. కొత్త రోడ్డు కోసం ఆ బండల మధ్య కొలతలు తీసే బృందానికి పెద్ద. కింద పదమూడు మంది పనివాళ్లు. కొలత గొలుసు పట్టుకుని గడ్డిలో అందరికన్నా ముందు నడిచేవాణ్ణి చైన్‌మన్ అంటారు. అలాంటి చైన్‌మన్‌ ఒకతను పిడుదు కరిచి, జ్వరం తగిలి, ఆస్పత్రిలో చేరాడు. ప్రాణానికి భయం లేదు గానీ, మిగతావాళ్లు గడ్డిలో కాలు పెట్టేది లేదంటున్నారట.

"ఒకడైతే గేదెలకు పూసే మందు తెచ్చిస్తే ఒంటికి పూసుకుంటానంటున్నాడండీ. ఓ సీసా ఇప్పిస్తారేమోనని..."

నాకు ఒళ్లు మండింది. "పూసుకోనివ్వండి! ఆస్పత్రిలో ఉన్నతని పక్కనే ఇంకో మంచం వేయిద్దురుగాని. పశువు తోలుకు వాడే మందు మనిషి ఒంటికి ఎలా పనికొస్తుందండీ?"

కోప్పడ్డానే గానీ, ఆయన వెళ్లాక ఆ కాగితాన్ని వదల్లేకపోయాను. భూతద్దం కింద పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. గేదె చెవిలో వందలసార్లు చూసిన పురుగే, మనిషి మీద ఎక్కిందనేసరికి కొత్తగా కనిపించింది. పర్మెత్రిన్ అనే మందు సంగతి కాలేజీలో మా మాస్టారు చెప్పేవారు. అది ఒంటికి రాసుకునేది కాదు, బట్టకు పట్టించేది. పట్టించి, పూర్తిగా ఆరబెట్టి తొడుక్కుంటే, ఆ బట్ట మీద పాకిన పిడుదు కాళ్లు చచ్చుబడి రాలిపోతుంది. ఒకటి రెండు ఉతుకులకు పోదు కూడా. ప్రసాదరావు గారికి కబురు పెడితే వాళ్ల ఆఫీసు వాళ్లు బట్టల కోసమే తయారైన డబ్బాలు వారంలోపు తెప్పించారు.

వాళ్లకు చూపించడానికి నేనే సైటుకు వెళ్లాను. మిగతా పన్నెండు మందీ చుట్టూ మూగారు. పిడుదు ఎగరదు, దూకదు. గడ్డిపోచ చివరికెక్కి, ముందు కాళ్లు చాచి, ఎవరొస్తారా అని కనిపెట్టుకుని ఉంటుంది. మా భాషలో దాన్ని క్వెస్టింగ్ అంటారు. ప్యాంటు అంచు తగిలిందా, పట్టుకుని పైకి పాకడం మొదలుపెడుతుంది. అందుకని ప్యాంటుకు, చొక్కాకు, మేజోళ్లకు మందు పట్టించమన్నాను. ప్యాంటు అంచులు మేజోళ్లలో దోపుకోమన్నాను. మందు ఒంటికి, మొహానికి, తిండికి తగలనివ్వొద్దని గట్టిగా చెప్పాను. తడి ఆరేదాకా ఆ బట్టల దగ్గరికి పిల్లిని రానివ్వొద్దని కూడా చెప్పాను, పిల్లులకు ఆ మందు అస్సలు పడదు.

భుజాన తువ్వాలతో అందరికన్నా ముందు గొంతుక్కూర్చున్న మనిషి యాదగిరి. పెద్ద చైన్‌మన్, నలభై అయిదేళ్లుంటాయి. చందానగర్ పక్క పల్లెలో పుట్టి పెరిగినవాడు, ఈ బండలన్నీ అతనికి ఇంటి వాకిలి కింద లెక్క.

"గింత మందుకు పురుగు సస్తదా డాక్టరమ్మా?" అన్నాడు అనుమానంగా.

"పురుగు మాత్రం ఎంతుందయ్యా?"

మందు పట్టించి ఆరబెట్టిన గుడ్డ మీద ఒక పిడుదును వదిలాను. కాసేపు చకచకా నడిచింది. తర్వాత కాళ్లు తడబడ్డాయి.

"అగో, కల్లు తాగినోని లెక్క తూలుతుందిరా!" అని యాదగిరి అరిచేసరికి అందరూ పడీ పడీ నవ్వారు. పిడుదు వెల్లకిలా పడింది. ఆ క్షణం నుంచీ నా మందుకు అతనే పెద్ద ప్రచారకుడు. "ఏయ్, తడిబట్ట తొడగకు! డాక్టరమ్మ ఏం జెప్పింది?" అని తోటివాళ్ల మీద కేకలేస్తుంటే నాకు భలే ముచ్చటేసింది.

పది రోజులు గడిచాయి. పదకొండు మందికి ఒక్క పిడుదు పట్టలేదు. పట్టిందల్లా యాదగిరికే. ఒకరోజు రెండు, మర్నాడు మూడు.

గురువారం నాడు ప్రసాదరావు గారు అతన్ని జీపులో ఎక్కించుకుని వచ్చారు. చెవి వెనక ఒక పిడుదు ఇంకా పట్టుకునే ఉంది. సన్నటి పట్టకారును చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా, నిదానంగా లాగి తీశాను. జ్వరంగాని, దద్దుర్లుగాని వస్తే వెంటనే దవాఖానకు వెళ్లమని చెప్పాను. అంతవరకూ బాగానే ఉన్నాను.

"బట్టలకు మందు పెట్టావా?" అని అడిగాను.

"పెట్టిన డాక్టరమ్మా."

"ఎన్నిసార్లు ఉతికించావు?"

"ఒక్కపారి."

"మరి ఇవెలా పట్టాయి? పదకొండు మందికి పట్టనివి నీకొక్కడికే పడతాయా? అబద్ధం చెప్పకు యాదగిరీ!"

అతను నా వంక చూశాడు.

"మావాళ్లంతా అది మందు కాదు, నీళ్లంటున్నారండీ," అన్నారు ప్రసాదరావు గారు. "పెద్ద చైన్‌మన్‌నే కరుస్తుంటే మేమెందుకు దిగాలంటున్నారు. ఇతనొక్కడూ చెప్పిన మాట వినకపోతే నా పనంతా ఆగిపోయేట్టుంది. ఏం యాదగిరీ, సోమవారం నుంచి నువ్వు రానక్కర్లేదు."

ఆ మాట బరువేమిటో నాకు అక్కడే తెలిసింది. యాదగిరి పదకొండేళ్లుగా రోజుకూలీ మీద పనిచేస్తున్నాడు. ఆ ఏడు పర్మినెంట్ చేసేవాళ్ల జాబితా రాస్తున్నారు, అందులో మొదటి పేరు అతనిదే. ఇప్పుడు పనిలోంచి తీసేస్తే పేరూ పోతుంది.

"సార్, పదకొండేండ్లు..." అని ఆగిపోయాడు.

నేను ఒక్క మాట అడ్డం వేసి ఉండొచ్చు. వెయ్యలేదు. నిజం చెప్పాలంటే నా మందుకు చెడ్డపేరు తెచ్చాడని నాకే ఒళ్లు మంటగా ఉంది.

శుక్రవారం పొద్దున్నే మా పశువైద్యశాల మెట్ల మీద యాదగిరి కూర్చుని ఉన్నాడు, చేతిలో సంచి. అందులోంచి ప్యాంటు, చొక్కా తీసి నా బల్ల మీద పెట్టాడు.

"రోజు పనికి తొడిగేవి ఇవే. ఆనాడు పురుగును పెట్టి సూపిచ్చిండ్రు గద. ఇయ్యాల గూడ పెట్టి సూడుండ్రి డాక్టరమ్మా."

ఒక కుక్క మీంచి దువ్వి తీసిన చిన్న పిడుదులు సీసాలో ఉన్నాయి. అయిదింటిని అతని ప్యాంటు మీద, అయిదింటిని మందు తగలని నా కొత్త చేతి రుమాలు మీద వదిలాను. పరీక్షలో ఇలా పోల్చి చూసుకోవడానికి పక్కన పెట్టుకునేదాన్ని కంట్రోల్ అంటారు. రుమాలు మీదవి హాయిగా షికారు చేశాయి. ప్యాంటు మీదవి కాసేపటికే తూలి, ఒక్కొక్కటే రాలాయి. చొక్కా మీద పెట్టినవీ అంతే.

నాకు తల కొట్టేసినట్టయింది. ఇతను నిజమే చెప్పాడు. మరి ఆ పిడుదులు ఎక్కడివి?

"ఎక్కడెక్కడ పట్టాయి?" అని అడిగాను. అదేదో నిన్ననే అడగాల్సిన ప్రశ్న.

"మెడకు, చెవెన్క, నెత్తిల."

"కాళ్లకు?"

"కాళ్లకు ఒక్కటి లేదు."

పొద్దంతా ఇదే నా బుర్రలో తిరిగింది. కింది నుంచి పాకేదైతే మందున్న మేజోళ్లు, ప్యాంటు, చొక్కా అన్నీ దాటుకుని మెడ దాకా ప్రాణాలతో రావాలి. అది జరిగే పని కాదు. అంటే ఇవి కింది నుంచి రావడం లేదు. పోనీ చెట్ల మీంచి రాలుతున్నాయా అంటే, ఈ జాతి పిడుదులు చెట్లెక్కి దూకవు. ఇక కూర్చుని ఆలోచిస్తే తేలేది కాదనిపించింది. అతని రోజెలా గడుస్తుందో కళ్లారా చూడాలని శనివారం మధ్యాహ్నం సైటుకు వెళ్లాను.

ఒంటిగంటకు పని ఆపారు. పదకొండు మందీ ఉత్త బండ మీద కూర్చుని టిఫిన్ డబ్బాలు విప్పారు.

"యాదగిరీ, ఇన్‌స్ట్రుమెంట్ నీడకు తీసుకుపో!" అని ప్రసాదరావు గారు కేకేశారు.

ఇన్‌స్ట్రుమెంట్ అంటే థియోడొలైట్, కోణాలు కొలిచే పరికరం. ఎండలో వదిలేస్తే కొలతలు తేడా వస్తాయట. యాదగిరి దాన్ని పెట్టెలో సర్ది, చంటిబిడ్డను మోసినట్టు మోసుకుని, దూరంగా ఉన్న కానుగ చెట్టు కిందికి తీసుకెళ్లాడు. దాన్ని ఒంటరిగా వదలకూడదు కాబట్టి అతని భోజనమూ అక్కడే. భుజం మీది తువ్వాల తీసి గడ్డిలో పరిచాడు. కూర్చుని తిన్నాడు. ఒక చెయ్యి పెట్టె మీద వేసి అరగంట నడుం వాల్చాడు. లేచి, తువ్వాల దులిపి, దాంతో మెడ తుడుచుకుని, తలకు చుట్టుకున్నాడు.

అయ్యో రామా అనుకున్నాను. ఆ తువ్వాల మొదటి రోజు నుంచీ నా కళ్లెదుటే ఉంది.

చెట్టు కింద చూస్తే నేలంతా మేక పెంటికలు. మూడు గంటలకు గొల్లవాళ్లు మందను తెచ్చి అక్కడే పడుకోబెడతారని యాదగిరే చెప్పాడు. పశువులు రోజూ విశ్రమించే నీడలో పిడుదులు రాలి గుడ్లు పెడతాయి, పిల్లలు వేలల్లో పుడతాయి. నేను వెంట తెచ్చుకున్న తెల్లగుడ్డను కర్రకు కట్టి, గడ్డి మీద పది అడుగులు ఈడ్చాను. పిడుదులు ఎక్కడ ఎన్నున్నాయో తెలుసుకోవడానికి మేం చేసే ఈ పనిని డ్రాగింగ్ అంటారు. తిప్పి చూస్తే గుడ్డ మీద నువ్వులు చల్లినట్టు ఉన్నాయి. బండ పక్కన ఈడ్చిన మరో గుడ్డకు ఒక్కటీ అంటలేదు.

"అన్నిటికీ మందు పెట్టావు, తువ్వాలకు ఎందుకు పెట్టలేదయ్యా?" అన్నాను.

యాదగిరి ఆశ్చర్యంగా చూశాడు. "దీంతోనే మొహం తుడుసుకుంట. సద్ది మూట గూడ దీంట్లనే కట్టుకొస్త. మొహానికి తగలద్దు, తిండికి తగలద్దని మీరే జెప్పిండ్రు గద డాక్టరమ్మా!"

ప్రసాదరావు గారు ఆ తెల్లగుడ్డను చాలాసేపు చూశారు.

"రోజూ ఆ నీడకు పంపింది నేనేనండీ," అన్నారు మెల్లగా.

అప్పటికప్పుడు ఏర్పాటు మార్చాం. పెట్టె ఇక పెద్ద బండ నీడలో, సర్వే గొడుగు కింద. అందరి భోజనమూ బండ మీదే. తువ్వాల నేల మీద పరవకూడదు, దానికి మందూ పెట్టకూడదు. సాయంత్రం ఇంటికెళ్లేముందు ఒకరి మెడ, చెవులు ఒకరు చూసుకోవాలి.

"సోమవారం మామూలుగా వచ్చెయ్ యాదగిరీ. నీ పేరు జాబితాలో ఉన్నచోటే ఉంటుంది," అన్నారు ప్రసాదరావు గారు.

యాదగిరి కదల్లేదు.

"నౌకరి ఉంచిండ్రు, సంతోషం సార్. గానీ రెండు దినాలసంది గీళ్లంత నన్ను దొంగను సూసినట్ల సూస్తున్రు. నేను అబద్ధమాడిన్నని డాక్టరమ్మ అన్నది అందరికెర్క. గా మాట అందరి ముంగటనే వాపస్ దీస్కోవాలె."

ప్రసాదరావు గారు ఇబ్బందిగా నా వైపు చూశారు. నాకు చెవులు వేడెక్కాయి. ఒక్క క్షణం డాక్టర్నన్న పొగరు అడ్డం వచ్చిన మాట నిజం. తర్వాత చెప్పులు విడిచి, ఆ పదకొండు మంది కూర్చున్న బండ ఎక్కాను. డబ్బాలు సర్దుతున్న చేతులు ఆగిపోయాయి.

"యాదగిరి నాతో ఒక్క అబద్ధం కూడా ఆడలేదు," అన్నాను. "నేను చెప్పిందంతా చెప్పినట్టే చేశాడు. మీ ఇన్‌స్ట్రుమెంట్‌కు కాపలా ఉంటూ కరిపించుకున్నాడు. చూడకుండా నోరు పారేసుకున్నది నేను. తప్పు నాది."

చివరన కూర్చున్నతను పక్కకు జరిగి, "రా అన్నా, ఈడ గూసో," అన్నాడు. యాదగిరి వెళ్లి అతని పక్కన కూర్చున్నాడు. అప్పుడు చూశాను, అతని కళ్లు తడిగా ఉన్నాయి.

తర్వాత ఎన్నో ఊళ్లలో పనిచేశాను. నేనిచ్చిన మందు పనిచేయలేదని ఎవరైనా వస్తే, చెప్పినట్టు చేశావా లేదా అని అడగడం మానేశాను. కుర్చీ చూపించి, పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేస్తావో చెప్పమంటాను, వీలైతే వెళ్లి చూస్తాను. ఒక్కో రోజు చాలా ఆలస్యమవుతుంది. కానీ అబద్ధం చెప్పకు అన్న మాట మళ్లీ ఎవరితోనూ అనలేదు.