మా అమ్మ మెట్ల కింద కట్టించుకున్న ఉగ్రాణం

మా చిన్నప్పుడు... పెద్దమ్మ ఇంట్లో ఉగ్రాణం తలుపు తెరిస్తే ఆ వాసన మా వంటింటి దాకా వచ్చేది. ఎండు మిరపకాయలు, కొత్త చింతపండు, పాత బెల్లం... రెండిళ్లకూ మధ్య ఒక్క గోడే.

రాజపాళయంలో మా వీధిలో అప్పటిదాకా ఎవరికీ సామాన్లకని విడిగా ఉగ్రాణం గది లేదు. పెద్దనాయన ఇల్లు పడగొట్టి మళ్లీ కట్టినప్పుడు, వంటింటి వెనకాల మనిషి లోపలికి నడిచి వెళ్లే గది ఒకటి కట్టించారు. మూడు గోడలకూ వెడల్పాటి కడపరాయి బల్లలు! తళవాయిపురం చుట్టాలు కూడా బస్సెక్కి వచ్చి చూసి పోయారు.

పెద్దమ్మ కూతురు వసంతది నా ఈడే. తాళంచెవి దాని పావడా బొందుకే వేలాడేది. "నువ్వు వెలపలే ఉండు, నేనే పోవాల" అని లోపలికి వెళ్లి, ఏదో నములుతూ వచ్చేది. నాకు కడుపు మండిపోయేది...

మా ఇంట్లోనేమో బియ్యం మూట మంచం కింద... ఆవకాయ జాడీలు కిటికీ గట్టు మీద... మిరపకాయల బస్తా నాయన చొక్కాలు తగిలించే కొక్కేల కింద. పాపం, నాయన మిల్లుకు బయలుదేరితే వీధి చివరిదాకా తుమ్ములే.

నాకంటే అమ్మకు ఎక్కువ మంట. ఒకరోజు పెద్దమ్మ ఇంటి నుంచి వచ్చీ రాగానే నాయనను పట్టుకుంది.

"మనకూ ఒక ఉగ్రాణం కావాల."

"కట్టేదానికి చోటేది?"

"మెట్ల కింద సైకిలు పెడతారే, అక్కడ."

"అయితే సైకిలు?"

"వెలపల నిలబడనీ. అదేమన్నా అన్నం తింటాదా?"

అంతే... నాయన సైకిలు వేపచెట్టు కిందికి పోయింది.

అమ్మ ముగ్గుపిండితో ఆ చోటంతా గీతలు గీసింది. బరువైనవి కింద, రోజూ తీసేవి చేతికి అందేచోట, పండగ గిన్నెలు పైన... నేను డబ్బాలు మోసుకొచ్చి ఆ గీతల్లో పెట్టడం, అమ్మ మార్చడం, మళ్లీ పెట్టడం. ఒక పూటంతా అదే పని.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ అమ్మ ఇంగువ అడిగే నెపంతో పెద్దమ్మ ఇంటికి వెళ్లి, రాతిబల్ల ఎంత లోతుందో మూరతో కొలిచి వచ్చింది. మన పలకలు అంతకంటే లోతుగా ఉండాలట!

"సరోజా, మనిషి నిలబడేదానికి చోటు వద్దా?" అన్నారు నాయన.

"మనిషి ఏల నిలబడాల? సామాను నిలబడితే సరి."

వడ్రంగి వచ్చాడు, మా వైపు ఆసారి అంటాం. అమ్మ చెప్పినట్టే చెక్క పలకలు కొట్టి పోయాడు. అమ్మ పసుపు బొట్లు పెట్టి, కందిపప్పు డబ్బా ఎత్తుకుని లోపలికి వెళ్లబోయింది... పట్టలేదు. పక్కకు తిరిగింది... ఊహూ. డబ్బా నాకిచ్చి పంపింది. నేనూ సగంలోనే ఇరుక్కున్నాను. ముందు వరస నిండితే వెనక్కి చెయ్యే పోదు.

సరిగ్గా అప్పుడే పెద్దమ్మ వచ్చి చూసింది. "ఏమే సరోజా, ఉగ్రాణం కట్టినావా, బొమ్మల కొలువు పెట్టేదానికి మెట్లు కట్టినావా?" అని పకపకా నవ్వింది. వెనకాల వసంత కూడా...

ఆ పూట అమ్మ అన్నం తినలేదు. నేను మాత్రం వసంతతో ఇక జన్మలో మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

తెల్లారగానే ఆసారికి మళ్లీ కబురు వెళ్లింది. "అన్నీ సన్నంగా కోసెయ్. ఒక్క డబ్బా పట్టేంత చాలు. డబ్బా వెనకాల ఇంకో డబ్బా ఉండనే కూడదు" అంది అమ్మ. పలకలు సగానికి సగం తగ్గాయి. లోపల నిలబడే చోటు వచ్చింది. సామాను అంతా వరసగా, ఒక్క చూపులో కనిపించేది.

పెద్దమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి నవ్వలేదు. పలకల మీద చెయ్యి రాస్తూ చాలాసేపు చూసింది. "చీమలెక్కుతాయేమో, చూసుకో" అని మాత్రం అని వెళ్లిపోయింది.

"బాగుంది అని ఒక్క మాట వచ్చినాదా చూడు ఆమె నోట్లోంచి" అని అమ్మ ముఖం చిన్నబుచ్చుకుంది.

ఆ వారంలోనే గోడ అవతల సుత్తి చప్పుడు మొదలైంది. వసంత పరుగెత్తుకుంటూ మా ఇంటికి వచ్చింది.

"అమ్మ మీ ఆసారినే పిలిచినాది! రాతిబల్లల మీద వెనకాల పెట్టిన పప్పంతా పురుగు పట్టిపోయినాది, ఎవరికీ కనబడలే. ఇప్పుడు మీ మాదిరే సన్న పలకలు కావాలంట!"

ఒట్టు గిట్టు మరిచిపోయి వెళ్లి అమ్మకు చెప్పాను. అమ్మ నవ్వింది చూడండి... రుబ్బురోలు పట్టుకుని కింద కూర్చుండిపోయి మరీ నవ్వింది. తరువాత కొంగు దోపుకుని నేరుగా పెద్దమ్మ ఇంటికి నడిచింది.

"అక్కా, చింతపండు పక్కన ఉప్పు పెట్టొద్దు. ఉండు, నేను సర్ది ఇస్తాను."

"నువ్వు సర్దుతావనే కదా వసంతను పంపినాను" అంది పెద్దమ్మ.

దీపాలు పెట్టే వేళదాకా ఇద్దరూ ఆ గదిలోనే. డబ్బాలు దించుతూ, ఎక్కిస్తూ, ఒకరినొకరు దెప్పుకుంటూ... పిల్లలకు అన్నం పెట్టాలన్న ధ్యాసే లేదు ఇద్దరికీ.

మొన్న మా ఇంట్లోనూ అలాంటి చిన్న గది ఒకటి చేయించాను. గాజు సీసాలు, మీట నొక్కితే లైటు... ఫోన్లో ఎవరెవరివో చూసి, కుళ్లుకుని, అలాగే కావాలని చేయించిందే. కానీ వాళ్లెవరో నాకు తెలియదు, నేనెవరో వాళ్లకు తెలియదు. పక్కింటివాళ్లు పప్పు ఎక్కడ పెట్టుకుంటారో కూడా తెలియదు...

నిజం చెప్పనా, ఇప్పుడు నా కుళ్లంతా అమ్మ మీదా పెద్దమ్మ మీదా. అసూయ పడాలన్నా ముందు ఒకరి వంటింట్లోకి ఒకరు వెళ్లాలి కదా...

మీ అమ్మ కన్ను ఎవరింటి వంటింటి మీద ఉండేది? చెప్పండి, వింటాను...