వేళ్ళతో కాదు, అరచేత్తో

మనిషికి తన వీపు తనకు కనబడదు. నాకు దీనిమీద ఎప్పటినుంచో కోపం. జబ్బు రావలసిందే అయితే ఏ ముంజేతి మీదో మోకాలి మీదో రావచ్చు కదా, రోజూ చూసుకుంటూ నాలుగు తిట్లు తిట్టుకోవడానికైనా వీలుండేది. నాకు మాత్రం కుడి భుజం వెనక, రెక్క ఎముక మీద వచ్చింది. ఎనభైల మొదట్లో సంగతి. అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. చిలకలూరిపేట అవతల మా ఊళ్ళోనే మిషన్ బడిలో టీచరుగా చేరి రెండేళ్ళయింది.

మొదటిసారి దాన్ని కనిపెట్టింది అమ్మ. వేసవి సెలవుల్లో నాకు తలంటి పోస్తూ వీపు రుద్దుతుంటే చేతికి తగిలింది. "ఇదేందే, రాయిలాగుంది?" అంది. నొప్పి లేదు గనక నేను నవ్వేశాను. అమ్మ నవ్వలేదు. మర్నాడే గుంటూరు పెద్దాసుపత్రికి లాక్కెళ్ళింది. అక్కడ కోసి తీసేసి, ముక్కని పరీక్షకి పంపించి, కొన్నాళ్ళ తర్వాత డాక్టరుగారు పిలిచి చెప్పారు. క్యాన్సరు కాదట. కండ పొరల్లో పుట్టే అరుదైన గడ్డ అట. ఆయన ఇన్నేళ్ళ సర్వీసులో చూసినవి వేళ్ళమీద లెక్కపెట్టవచ్చునట. "ఇది ఒంట్లో వేరే చోటికి పాకదమ్మా. కాకపోతే పుట్టిన చోటుని ఓ పట్టాన వదలదు. మళ్ళీ రావచ్చు, చూసుకుంటూ ఉండాలి" అన్నారు.

ఆ మాటల్లో మేము ఇంటికి తెచ్చుకున్నది మొదటిదొక్కటే, క్యాన్సరు కాదన్నది. మిగతావి ఆసుపత్రి మెట్ల దగ్గరే వదిలేసి వచ్చాం.

నాన్న మా ఊరి చర్చిలో బోధకుడు. మా వాళ్ళలో ఎవరైనా పెద్ద జబ్బునుంచి లేస్తే కృతజ్ఞతా కూడిక పెట్టడం ఆనవాయితీ. పందిరి వేస్తారు, పాటలు పాడతారు, బాగుపడ్డ మనిషి అందరి ముందూ నిలబడి సాక్ష్యం చెబుతుంది, ఆ తర్వాత భోజనాలు. నాకోసమూ పెట్టారు. నేను తెల్లచీర కట్టుకుని నిలబడి, "దేవుడు నన్ను పూర్తిగా స్వస్థపరిచాడు. ఆ జబ్బు ఇక నా దగ్గరికి రాదు" అన్నాను. రాదని నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. మాట ఊపులో వచ్చేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. ముందువరుసలో కూర్చునే ఒక ముసలమ్మ, చర్చిలో అందరికన్నా గట్టిగా పాడే మనిషి, లేచి వచ్చి నా నుదుట ముద్దుపెట్టుకుని ఏడ్చింది. నాన్న ముఖం వెలిగిపోతుంటే చూసి నాకే గర్వం వేసింది.

పది నెలలకి మళ్ళీ వచ్చింది.

ఈసారి నాకే తెలిసింది. గోడకి ఆనుకుని కూర్చుంటే ఒకచోట ఒత్తుకునేది. ఎవరికీ చెప్పలేదు. ఎలా చెప్పను? దేవుడు బాగుచేశాడని ఊరందరి ముందూ చెప్పినదాన్ని, ఇప్పుడు లేదండీ పొరపాటయింది అంటే ఆ అబద్ధం ఎవరి మెడకి చుట్టుకుంటుంది? నాకా, నాన్నకా, ఆ పైవాడికా? తల నేనే పోసుకుంటానని అమ్మతో పోట్లాడాను. కొంగు రెండు భుజాల మీదుగా కప్పుకోవడం మొదలుపెట్టాను. మే నెల ఎండల్లో నేను అలా నిండుగా కప్పుకుని తిరుగుతుంటే ఊళ్ళో ఆడవాళ్ళు "బోధకుడుగారి కూతురంటే అట్టా ఉండాల" అని తమ కూతుళ్ళని సాధించేవాళ్ళు. ఆ పిల్లలు నన్ను ఎంత తిట్టుకుని ఉంటారో!

ఏడు నెలలు దాచాను. చివరికి నన్ను పట్టిచ్చింది బడిలో నల్లబోర్డు. చెయ్యి పైకి లేవక బోర్డు మధ్యనుంచి రాయడం మొదలుపెట్టాను. కొన్నాళ్ళకి అడుగున రెండు వరుసలే రాయగలిగేదాన్ని. ఒకరోజు మా హెడ్మాస్టరుగారు గుమ్మంలో నిలబడి చూసి, "ఏమ్మా, పైసగం నాకోసం అట్టిపెట్టావా?" అన్నారు. నవ్వబోయి ఏడ్చేశాను.

అప్పటికది నిమ్మకాయంత అయింది. రెండో ఆపరేషన్‌లో దానితోపాటు కొంత కండ కూడా కోసెయ్యవలసి వచ్చింది. కట్టు విప్పిన రోజు డాక్టరుగారు కోపంగానే చెప్పారు. "ఈసారి కందిగింజంత ఉన్నప్పుడు రా, చెయ్యి నిలబెడతాను. మళ్ళీ ఇంత చేసుకుని వచ్చావంటే ఆ చెయ్యి భుజం దాటి లేవదు. బోర్డు మీద రాయడం ఇక మర్చిపోవాలి." అని, కాస్త చల్లబడి, ఎదుటి మంచం వైపు చూపించారు. "అదిగో, ఆమెకీ ఇదే జబ్బు. మాట్లాడుకోండి."

ఎదుటి మంచం మీది మనిషి నాకన్నా పన్నెండేళ్ళు పెద్దది. కనిగిరి దగ్గర పల్లె. ముస్లిములు. భర్త విల్లుతో దూది ఏకితే ఈమె పరుపులూ బొంతలూ కుడుతుంది. ఆమెకి గడ్డ ఎడమ భుజం కింద. నన్ను ఎగాదిగా చూసి, "నీకెన్నోసారి?" అంది.

"రెండు."

"నాకు మూడు. అయితే నేనే పెద్దక్కని."

నాకు ఏడుపు ఆగలేదు. అంతవరకూ నా చుట్టూ ఉన్నవాళ్ళంతా నాకోసం ప్రార్థన చేసినవాళ్ళూ, జాలిపడ్డవాళ్ళూ, నిమ్మరసం తాగమన్నవాళ్ళూ. నాకూ ఇదే ఉంది అన్న మనిషి ఒక్కరూ లేరు. ఆ పూటనుంచి ఆమెని అక్కా అనే పిలిచాను. మా మధ్య వేరే పేరు అవసరం పడలేదు.

ఏడు నెలలు దాచిన సంగతి మొట్టమొదట చెప్పింది అక్కకే. ఓదారుస్తుందనుకున్నాను. తిట్టింది. "చదువు చెప్పేదానివి, బుద్ధుండొద్దా? కొంగు కప్పితే కరిగిపోద్దా అది? మీ దేవుడు నీ చెయ్యి అడిగినాడా ఏంది, నువ్వే తీసకపోయి ఇస్తా ఉండావు!"

ఇంటికి వెళ్ళేముందు ఒక విద్య కూడా నేర్పింది. నేను ఆమె వీపు మీద గడ్డ ఎక్కడుండేదో చూద్దామని వేళ్ళతో తడుముతుంటే చెయ్యి పక్కకి నెట్టేసింది. "అట్టా గుచ్చి గుచ్చి వెతకొద్దు. వేళ్ళకి అన్నీ ఉండల్లాగే తగులతాయి. అరచెయ్యి బోర్లించు. ఒత్తొద్దు. కళ్ళు మూసుకో. ఈ కొసనించి ఆ కొసకి నిదానంగా జరుపు." పరుపు కుట్టేశాక లోపల ఒక్క పత్తిగింజ మిగిలినా, దూది ఒకచోట ఉండకట్టినా పడుకున్న మనిషికి గుచ్చుకుంటుంది. అందుకని కుట్టిన ప్రతి పరుపు మీదా ఆమె అలా అరచెయ్యి నడిపిస్తుందట. చెయ్యి ఆగిన చోట కుట్టు విప్పుతుందట. నేను ఆసుపత్రి పరుపు మీదే సాధన చేశాను. దాన్నిండా ఉండలే, పాఠానికి లోటు లేకుండా పోయింది.

మూడు నెలలకోసారి ఒక గురువారం ఇద్దరం గుంటూరులో కలుసుకోవాలనీ, డాక్టరుగారికి చూపించుకునే ముందు ఒకరి వీపు ఒకరం చూసుకోవాలనీ అనుకున్నాం. ఆమె ఒంగోల్లో బస్సు మారి వచ్చేది. సజ్జరొట్టెలు తెచ్చేది, నేను పండుమిరపకాయల పచ్చడి తీసుకెళ్ళేదాన్ని. మధ్యలో ఉత్తరాలు. కూతురి చేత రాయించేది. క్షేమసమాచారాలేమీ ఉండేవి కావు. "టీచరమ్మా, వీపు ఎట్టుంది?" అన్నదే మొదటి వాక్యం. ఆ ఇన్లాండు కవర్లు ఇప్పటికీ నా ట్రంకుపెట్టెలో ఉన్నాయి.

నాలుగుసార్లు అక్క అరచెయ్యి నా వీపంతా తిరిగి, "ఏం లేదు, పో" అంది. ఇంట్లో నాన్నకి ధైర్యం వచ్చింది. మొదటిసారి వేరు కొంచెం మిగిలిపోయిందనీ, ఈసారి వేరుతో సహా తీసేశారనీ ఆయనే అందరికీ చెప్పాడు. ఏడాది దాటింది గనక మార్చిలో ఒక ఆదివారం మళ్ళీ కృతజ్ఞతా కూడిక అన్నాడు. పొట్టేలుని కూడా తెచ్చి పెరట్లో కట్టేశాడు. ఆ ఆదివారానికి ముందు గురువారం నేను గుంటూరు వెళ్ళాను.

అక్క అరచెయ్యి నా వీపు మీద ఎప్పటిలాగే బయలుదేరింది. పాత కుట్ల పక్కన ఆగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చింది. అక్కడే ఆగింది.

"ఉందా?" అన్నాను.

"ఉంది. కందిగింజంత."

డాక్టరుగారు రెండు వేళ్ళతో నొక్కి చూసి, "ఏం లేనట్టుందే" అన్నారు. నేను ఊపిరి పీల్చుకున్నాను. అక్క ఊరుకోలేదు. "అయ్యా, కోప్పడమాకండి. వేళ్ళతో కాదు, చెయ్యి బోర్లించి చూడండి" అంది. ఆయన ఆమెని ఒక్క క్షణం చూసి, చెప్పినట్టే చేశారు. ఆయన చెయ్యీ అక్కడే ఆగింది. "సోమవారం వచ్చి చేరమ్మా. చిన్నది. చెయ్యి దక్కుతుంది" అన్నారు.

బయటికి వచ్చాక అక్కని బతిమాలాను. "ఆదివారం అయిపోనీ అక్కా. వేసవి సెలవుల్లో ఎవరికీ తెలీకుండా వచ్చి తీయించుకుంటాను. ఈలోపు ఏం కొంపలు మునుగుతాయి?"

"పోయినసారి ఏమైందో తెలీదా?"

"నాన్న పొట్టేలుని కూడా తెచ్చేశాడు. మళ్ళీ వచ్చిందని ఆయనతో ఏ ముఖం పెట్టుకుని చెప్పను?"

"పొట్టేలు కోసరం చెయ్యి పోగొట్టుకుంటావా?" అంది. రొట్టెల మూట విప్పలేదు. పోయొస్తానని కూడా అనకుండా ఒంగోలు బస్సెక్కి వెళ్ళిపోయింది. నాకూ కోపం వచ్చింది. ఆమెకేం తెలుసు బోధకుడి కూతురి కష్టం అనుకున్నాను.

ఆదివారం పందిరి నిండిపోయింది. మిరపకోతల రోజులు. ఎంత కడుక్కొచ్చినా ఆడవాళ్ళ చేతులు ఇంకా మండుతూనే ఉన్నాయి, పాట మధ్యలో ఎవరో ఒకరు తుమ్ముతూనే ఉన్నారు. నేను చెప్పవలసినది కాగితం మీద రాసుకున్నాను. 'దేవుడు నన్ను పూర్తిగా' అన్న మాటతో మొదలవుతుంది. నిలబడి తలెత్తితే చివర్న పందిరి గుంజ పక్కన, మా ఆడవాళ్ళ మధ్య చాప మీద, నెత్తిన కొంగు వేసుకుని అక్క కూర్చుని ఉంది. నా ఉత్తరాల మీద అడ్రసు పట్టుకుని కనిగిరినుంచి వచ్చేసింది. నన్ను బెదిరించినట్టేమీ చూడలేదు. చూస్తూ కూర్చుంది, అంతే.

కాగితం మడిచేశాను. "పోయినసారి ఇక్కడ నిలబడి ఆ జబ్బు ఇక రాదన్నాను. అది నేను కల్పించి చెప్పింది. రెండోసారి వచ్చినప్పుడు ఏడు నెలలు మీ అందరి దగ్గరా దాచాను. ఇప్పుడు మూడోసారి వచ్చింది. రేపు వెళ్ళి తీయించుకుంటాను. ఆ తర్వాత కూడా రావచ్చు. దేవుడు నాకొక అక్కనిచ్చాడు, దానికి కృతజ్ఞతలు. చెప్పడానికి నా దగ్గర ఇంకేమీ లేదు" అన్నాను.

పొయ్యి మీద కూర ఉడుకుతున్న చప్పుడు వినబడుతోంది. అంతలో గుంజ దగ్గరనుంచి ఒక్క గొంతు, వాళ్ళ పద్ధతిలో, గట్టిగా "ఆమీన్" అంది.

నాన్న లేచి వచ్చాడు. అందరికీ వినబడకుండా, "నా గురించేనా అమ్మా దాచావు? నిన్నంత భయపెట్టానా నేను?" అన్నాడు. తర్వాత పందిరి వైపు తిరిగి, "భోజనాలకి లేవండి" అన్నాడు. అక్కకి విస్తరి ఆయనే తీసుకెళ్ళి వేశాడు. ఆమె కూర వద్దంది, పప్పూ పెరుగూ చాలంది. ఆయన వెంటనే ఇంటికి మనిషిని పంపి పెరుగు తెప్పించాడు.

భోజనాలయ్యాక ఇంటిలోపలి గదిలో అక్క అమ్మకి ఆ విద్య నేర్పింది. "మిరపకాయలు కోసిన చేతులు, పిల్లకి మంట పుడద్దేమో" అని అమ్మ వెనకాడింది. మండనీ లెమ్మన్నాను. అమ్మ అరచెయ్యి నా వీపు మీద సన్నగా మంట పెడుతూ కదిలి, ఆ చోట ఆగింది. "ఉంది" అంది. ఏడవలేదు.

అప్పుడు తలుపు తోసుకుని ఆ ముసలమ్మ వచ్చింది, ముందువరుసలో గట్టిగా పాడే మనిషి. తలుపు గడియ పెట్టి, మాకు వీపు తిప్పి, రవిక ముడి విప్పుకుంది. "నాక్కూడా చూడమ్మా" అంది అక్కతో. మెడ కింద కోడిగుడ్డంత ఉంది. ఎన్నాళ్ళనుంచని అడిగితే, "ఈ పిల్ల మొదటిసారి సాక్ష్యం చెప్పకముందునించే. ఈ పిల్లకి పూర్తిగా పోయిందంటే, నా ప్రార్థనలోనే ఏదో లోపముందనుకున్నా. ఎవురికి చెప్పుకోను?" అంది.

ఆమె ఆనాడు నన్ను పట్టుకుని ఎందుకు ఏడ్చిందో నాకప్పుడు తెలిసింది.

సోమవారం గుంటూరు బస్సులో నలుగురం ఎక్కాం. నేను, నాన్న, అక్క, ఆ ముసలమ్మ. నాకు నాలుగు కుట్లు పడ్డాయి. జూన్‌లో బడి తెరిచాక బోర్డు పై అంచునుంచి రాశాను. ముసలమ్మది కొవ్వుగడ్డ అన్నారు, భయపడవలసిందేమీ లేదన్నారు. తర్వాత నాకు ఇంకోసారి, అక్కకి రెండుసార్లు వచ్చింది. ఎప్పుడూ కందిగింజ దాటనివ్వలేదు.

ఆ సోమవారం బస్సులో ముసలమ్మ నా పక్కనే కూర్చుంది. నన్ను క్షమించమన్నాను. "దేనికే?" అంది నిజంగానే అర్థంకానట్టు. కాసేపటికి నా కుడిచెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుని, దాని మీద తన రెండు చేతులూ వేసి, గుంటూరు దాకా నిద్రపోయింది. తిమ్మిరెక్కినా నేను చెయ్యి కదపలేదు.