పట్టాముక్క గంట

మా ఊరి పాత రైల్వేస్టేషన్‌ని ఇప్పుడు మ్యూజియం చేశారు. అందులో వేలాడే రైలుపట్టా ముక్కను చూడగానే అక్కడే ఆగిపోయాను. ఆ రోజుల్లో అదే స్టేషన్ గంట. చుట్టూ తాడు కట్టి 'తాకరాదు' అని రాశారు.

నా చిన్నప్పుడు నాయన చింతచెట్టు మీద నుంచి పడి కాలు విరిగింది. కట్టు కట్టించడానికి పుత్తూరు పోదామని స్టేషన్‌కి వస్తే బండి వెళ్లిపోయింది. మళ్లీ మర్నాడే. నాయన బల్ల మీద పడి మూలుగుతున్నాడు. "స్వామీ, యాడికి పోయేది నేను?" అంటూ అమ్మ నేల మీద కూలబడింది.

గుడిలో గంట కొడితే దేవుడు వింటాడు కదా, ఇక్కడ కొడితే బండి వస్తుందనుకున్నాను. ఇనుప కడ్డీ అందుకుని ఏడుస్తూ కొట్టాను.

స్టేషన్ మాస్టరు పరుగెత్తుకొచ్చాడు. "ఏయ్ పాపా! బండి వస్తే గంట కొడతారు గానీ, గంట కొడితే బండి వస్తాదా?"

అప్పటికే ఆ చప్పుడు విని, స్టేషన్ పక్క రోడ్డు మీది రైలుగేటును గేటుమనిషి వేసేశాడు. గేటు దగ్గర ఒక బెల్లం లారీ ఆగిపోయింది. "బండి యాడప్పా?" అని విసుక్కుంటూ వచ్చిన డ్రైవరు నాయనను చూశాడు.

"ఎత్తండప్పా, పుత్తూరు మీదనే పోతాండా."

నాయన మళ్లీ నడిచాడు. ఆ డ్రైవరు పేరు మేమెవరమూ అడగలేదు. అందుకే తాడుకు ఇవతలే నిలబడి, ఆ పట్టాముక్కకు దణ్ణం పెట్టుకున్నాను.