బొట్టు పెట్టిన ఫోటో

ఏ ఫోటో అయినా అందులో ఉన్నవాళ్ల పేర్లు వెనక పెన్సిలుతో రాశాకే పెట్టెలో పెడతాను. పెన్నుతో రాస్తే సిరా ముందువైపుకు ఊరుతుంది. ఇదేం పిచ్చి అని ఇంట్లో నవ్వుతారు. నవ్వనీ, నేను పడ్డ భయం వాళ్లు పడలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా నాయన పోయాడు. పోయాక గానీ తెలియలేదు, ఆయనకు చెప్పుకోదగ్గ ఫోటో ఒక్కటీ లేదని. ఓటరు కార్డులో ముఖం బొగ్గు పూసినట్టుంది. రేషను కార్డు మీది బొమ్మ అంతకంటే అన్యాయం. దినాల నాడు దండ వేయడానికి ఫోటో కావాలి కదా. ఇల్లంతా వెతికితే నాయనమ్మ సందూక పెట్టెలో, ఎప్పుడో పోయిన మేనత్త పెళ్లి ఫోటో దొరికింది. మా అమ్మ ఈ ఇంటికి కోడలుగా రాకముందుది. ఒక మూల చెదలు తినేశాయి. పెళ్లికూతురి పక్కన పెద్దపెద్ద పూల చొక్కా తొడుక్కుని నిలబడిన మనిషి మీద నాయనమ్మ వేలు పెట్టి, "గీడే నా పెద్దకొడుకు" అంది.

మా అన్న దాన్ని గద్వాల స్టూడియోకు తీసుకుపోయాడు. ఆ స్టూడియో మహానుభావుడు గోరంత ముఖాన్ని చొక్కా పూలు కూడా కనబడేలా పళ్లెమంత చేసి, కనుబొమలు దిద్ది, మీసానికి నల్లరంగు వేసి ఇచ్చాడు. చూస్తే నాయనా కావచ్చు, ఇంకెవరైనా కావచ్చు. నాకు ఒళ్లు మండింది. కానీ అది చేతికొచ్చిందే దినాల పొద్దున. కుంకుమ బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి గోడకు ఆనించాం.

దీపంలో నూనె పోయడానికి వచ్చిన చిన్నమ్మ, మా చిన్నాయన భార్య, అప్పుడే దాన్ని మొదటిసారి చూసింది. చూసి అక్కడే ఆగిపోయింది.

"అయ్యో, గిది మా ఆయన అంగి!"

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆమె గబగబా లోపలికి పోయి ఒక బొంత ఎత్తుకొచ్చింది. పాత చీరలూ పాత చొక్కాలూ కలిపి కుట్టింది. అందులో ఒక ముక్క మీద అవే పూలు.

"నన్ను సూడనీకి వచ్చినప్పుడు గిదే ఏసుకొచ్చిండు. చినిగినంక నేనే బొంతల కుట్టిన. బతికున్నోనికి బొట్టు పెట్టి దండేస్తిరి గదనే!"

చిన్నాయన మా నాయనకు తమ్ముడు, అచ్చం అన్న పోలికే. అప్పుడాయన పుణె దిక్కు మట్టిపనికి పోయి ఉన్నాడు. అన్న పోయిన కబురు కూడా ఆయనకు అందలేదు. కిరాణా కొట్టు ఫోను నుంచి ఎన్నిసార్లు చేసినా, ఆయనున్న కూలీల గుంపు వేరే పని మీదికి పోయిందనే మాట తప్ప ఇంకేమీ తెలియలేదు. పనికి పోయినవాళ్లు కొన్నాళ్లు దొరక్కపోవడం మాకు కొత్త కాదు. కానీ చిన్నమ్మ ఆ మాట అన్నప్పటి నుంచి, బతికున్న మనిషికి దండ వేశాం, ఆయనకేమైనా అవుతుందేమో అని నాకు భయం పట్టుకుంది.

మా అమ్మ ఒక్కతే, "నాకైతే మా ఆయన లెక్కనే ఉన్నడు" అంది మెల్లగా.

"నీకేం తెలుసు? అప్పటికి నువ్వు రానేలే" అని నాయనమ్మ కసిరింది. కసిరింది గానీ ఆ ఫోటోలో మనిషిని వేలు పెట్టి చూపింది తనే కదా. "కండ్లు కానరాక నా చేతులార చిన్నోన్ని మింగితినా" అంటూ ఆ పూట అన్నం ముట్టలేదు.

దండ తీసి బావిలో వేశాం. బొట్టు నేనే తుడిచాను, తడిగుడ్డతో, ఆ ముఖం వైపు చూడకుండా. ఫోటోను జొన్న బస్తాల వెనక, గోడవైపు తిప్పి పెట్టాం. అయినా పట్టపగలు కూడా నేను ఆ గదిలోకి ఒంటరిగా పోయేదాన్ని కాదు. గడప దగ్గర ఎవరు పిలిచినా, ఆ కబురే తెచ్చారేమో అని చెవులు మూసుకునేదాన్ని. చిన్నమ్మ ఫోను కోసం కిరాణా కొట్టు అరుగు మీదే కూర్చునేది. ఇక ఊళ్లో అమ్మలక్కలు ఊరుకుంటారా? ఒకామె వచ్చి "ఏమన్న తెల్సిందా?" అని అడిగే తీరులోనే అంతా అయిపోయినట్టుంది. "తెలిస్తే నీకు చెప్పకుంట దాస్తమా?" అని ఆమెను వాకిట్లోంచే పంపేశాను.

ఒక మధ్యాహ్నం చిన్నాయన వచ్చాడు. భుజాన సంచి, మాసిన గడ్డం. గద్వాల బస్టాండులో ఎవరో చెప్పారట, వాకిట్లో అడుగు పెడుతూనే "అన్నా!" అని గొల్లుమన్నాడు. నాయనమ్మ ఏడవలేదు. ఆయన ముఖం, భుజాలు, చేతులు తడిమి తడిమి చూసుకుంది. చిన్నమ్మ ఆయన చొక్కా కొస పట్టుకుని వదల్లేదు. నేనైతే నవ్వాను. మనిషి ఉన్నాడు, బతికే ఉన్నాడు!

కాస్త తేరుకుని, "అన్న ఫోటో ఏది?" అన్నాడు.

 చిన్నమ్మే జరిగిందంతా చెప్పి బొంత చూపించింది. నేను బస్తాల వెనక నుంచి ఫోటో తెచ్చాను, పెళ్లి ఫోటో కూడా పక్కన పెట్టాను. ఆయన రెండూ మార్చి మార్చి చూశాడు.

"అంగి నాదే. మనిషి మాత్రం అన్ననే," అన్నాడు. "అప్పుడు ఇద్దరికి కలిపి ఉన్నదే ఒక్క మంచి అంగి. పెండ్లిపిల్లకు పెద్దన్న, ముందట నిలబడాలె గద. నేనే ఇప్పి ఇచ్చిన. గిటు సూడుండ్రి, నేను గిక్కడున్న."

ఫోటో అంచున, వంట గుండిగల దగ్గర, బనీనుతో వంగిన ఒక వీపు కనిపించింది. ముఖం లేదు.

మా అమ్మ నా చేతిలోంచి నాయన ఫోటో తీసుకుని కొంగుతో దుమ్ము తుడిచింది. "నిన్ను మూలకు తోస్తిమి గదయ్యా," అంది. "నిన్ను జూసి భయపడితిమి."

చిన్నాయన కుంకుమ తెమ్మన్నాడు. నాయనమ్మ గబుక్కున ఆయన చేయి పట్టుకుంది. "వద్దురా. ఇంకోపారి సూడు. జర మంచిగ సూడు."

ఆయన చేయి విడిపించుకోలేదు. ఆమె అలా పట్టుకుని ఉండగానే అన్నకు బొట్టు పెట్టాడు. అప్పుడు ఏడ్చాం, ఇంటిల్లిపాదీ. ఆ బొట్టు తుడిచిన నాటి నుంచి మాలో ఒక్కరమూ నాయన కోసం ఏడవలేదు.