ఏడున్నర మాస్టారు

రిటైరైన కెమిస్ట్రీ మాస్టారు, పుట్టగొడుగులు పెంచే సంచులపై పరచాల్సిన కొబ్బరిపొట్టును నాలుగు రోజులుగా స్నానాలగదిలో పరీక్షిస్తున్నాడు. పీహెచ్ ఏడున్నరే రావాలి. తగ్గితే పులుపెక్కిందని సున్నం కలుపుతాడు, పెరిగితే వెనిగర్ చల్లుతాడు, రంగు మారిన కాగితాన్ని పసిబిడ్డ జ్వరం చూసినట్టు చూస్తాడు. రాజ్యాలే ఇంతకన్నా తొందరగా చేతులు మారాయి.

"పైన పొట్టు పడకపోతే సంచులు ఎండిపోతాయండీ. రేపటికిక పారేయడమే," అంది భార్య.

"ఏడుంది. ఇంకో అర రానీవే."

"ఆ అర వచ్చేలోపు మనమే పోతాం."

ఆయన కొత్త కాగితాలు కొనడానికి వెళ్లగానే ఆవిడ ఆ పొట్టునే తెచ్చి సంచులపై పరిచేసింది. మాస్టారు తిరిగొచ్చి కొత్త కాగితాలతో ఒక్కో సంచినీ పరీక్షించాడు; అన్నిట్లోనూ ఏడే. మూడు వారాలకు పుట్టగొడుగులు తెల్లగా, గుత్తులుగుత్తులుగా పొడుచుకొచ్చాయి.

"అర తగ్గింది కదా, కాస్త పులుపు తెలుస్తోందే," అన్నాడాయన, కూర మూడోసారి వడ్డించుకుంటూ.